లండన్ కేబుల్ కార్: రవాణానా, షికారా?

ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చారంటే తూర్పు లండన్‌లో ఉండే మనవాళ్ల శనివారం కార్యక్రమం దాదాపు ఒకేలా ఉంటుంది. పొద్దున ఈస్ట్ హామ్‌లో గుడి, మధ్యాహ్నం అక్కడే అరిటాకు భోజనం, సాయంత్రం రాయల్ డాక్స్ దగ్గర కేబుల్ కార్. అవతలి ఒడ్డున గ్రీనిచ్ వైపు దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని, మళ్లీ అదే తీగ మీద వెనక్కి వస్తాం. నేనూ చాలామందిని తీసుకెళ్లాను. విశాఖ నుంచి వచ్చిన మా అత్తయ్యకు అదే అన్నిటికంటే నచ్చింది. డబ్బా నది మధ్యకు వచ్చాక కింద థేమ్స్, ఒక పక్క ఓ2 గుమ్మటం, ఇంకో పక్క సిటీ విమానాశ్రయంలో దిగుతున్న విమానం కనిపించాయి. ఆవిడ చాలాసేపు చూసి, "మన కైలాసగిరి రోప్‌వే లాంటిదే గదమ్మాయ్. కాకపోతే అక్కడ కొండెక్కుతాం, ఇక్కడ ఏరు దాటుతాం" అన్నారు. కాసేపాగి, "అయితే మీరంతా రోజూ ఆఫీసులకు ఇందులోనే వెళ్తారా?" అని అడిగారు.

ఆ ప్రశ్న అమాయకంగా అడిగిందే. కానీ ఈ ఊరి పాలకులు 2012 నుంచి దానికి తిన్నగా జవాబు చెప్పడం లేదు.

లండన్ మెట్రో పటంలో ఈ కేబుల్ కార్ ఉంది. సెంట్రల్, జూబిలీ లైన్లతో పాటు దానికీ ఒక గీత ఉంది. నడిపేది ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్. గేటు దగ్గర ఆయిస్టర్ కార్డు పెడితే తీసుకుంటుంది. ఇవన్నీ చూసిన కొత్తవాళ్లెవరైనా బస్సూ రైలూ లాగే ఇదీ ఒక రవాణా సాధనమే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. దాన్ని నమ్మి రెండు వారాలు ఉద్యోగానికి కూడా వెళ్లాను కాబట్టి, ఈ విషయం మీద మాట్లాడే హక్కు నాకు కాస్త ఉందనుకుంటాను.

2013లో మేం రాయల్ విక్టోరియా స్టేషన్ పక్కన ఫ్లాట్ అద్దెకు తీసుకున్నాం. ఇల్లు చూపించిన ఏజెంటు కిటికీలోంచి తీగ మీద కదులుతున్న డబ్బాలను చూపించి, "మీ ఆఫీసు గ్రీనిచ్ వైపే కదా, పది నిమిషాల్లో అక్కడుంటారు" అన్నాడు. అప్పట్లో నేను పనిచేసే మందుల షాపు ఓ2కి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది. అంటే ఇల్లు ఒక చివర, ఉద్యోగం రెండో చివర. కేబుల్ కార్‌కు నాకంటే సరైన ప్రయాణికురాలు లండన్ మొత్తం వెతికినా దొరకదు. ఆ సంవత్సరమే ఇక్కడి పత్రికలు ఒక వార్త రాశాయి. ఆయిస్టర్ కార్డు లెక్కల ప్రకారం కేబుల్ కార్‌లో క్రమం తప్పకుండా ఉద్యోగానికి వెళ్లేవాళ్లు నలుగురంటే నలుగురేనట. ఊరంతా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఐదోదాన్ని అవుదామని ప్రయత్నించి విరమించుకున్నదాన్ని నేను.

ఎందుకు మానేశానో చెబితే సగం వాదన అక్కడే తేలిపోతుంది. మొదటి కారణం డబ్బు. నా దగ్గర అప్పటికే నెల పాస్ ఉంది. దాంతో రైలెక్కొచ్చు, బస్సెక్కొచ్చు, డీఎల్ఆర్ ఎక్కొచ్చు. కేబుల్ కార్‌కు మాత్రం చెల్లదు. పాస్ ఉంటే కాస్త తగ్గిస్తారు తప్ప వదిలిపెట్టరు. ఆయిస్టర్ మీద ఒకసారి దాటడానికి అప్పుడు 3.20 పౌండ్లు. రోజూ వచ్చేవాళ్ల కోసం పది ప్రయాణాలకు 16 పౌండ్ల టికెట్ కూడా పెట్టారు. అంటే ఒక్కో ప్రయాణానికి 1.60 పడుతుంది. చవకే కదా అనొచ్చు. కానీ నా నెల పాస్‌లో ఇప్పటికే డబ్బు కట్టేసిన ప్రయాణానికి మళ్లీ రోజూ మూడు పౌండ్ల ఇరవై పెన్నీలు కట్టడం నా జీతానికి చవక కాదు.

రెండో కారణం గాలి. పెనుగాలి వీచినా, ఉరుములు మెరుపులు వచ్చినా కేబుల్ కార్ ఆపేస్తారు. అది తప్పని నేననను, ఆపాల్సిందే. కానీ నవంబరులో థేమ్స్ మీద ఎప్పుడు గాలి లేస్తుందో ఎవరికి తెలుసు? ఒక గురువారం పొద్దున అక్కడికి వెళ్తే గేటు మూసి, బోర్డు పెట్టారు. వెనక్కి నడిచి డీఎల్ఆర్ ఎక్కి, కానింగ్ టౌన్‌లో దిగి, జూబిలీ లైన్ మారి షాపుకు చేరేసరికి ఆలస్యమైంది. ఆరోజు షాపు తాళాలు నా దగ్గరున్నాయి. తలుపు ముందు ఒక ముసలాయన ప్రిస్క్రిప్షన్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

మూడోది అన్నిటికంటే పెద్ద కారణం, దాన్ని నేను ఆ గురువారం నాడే కనిపెట్టాను. గేటు మూసిన రోజు రైల్లో వెళ్తే నాకు పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. రాయల్ విక్టోరియా నుంచి కానింగ్ టౌన్ డీఎల్ఆర్‌లో ఒక్క స్టేషన్. కానింగ్ టౌన్ నుంచి నార్త్ గ్రీనిచ్ జూబిలీ లైన్‌లో ఒక్క స్టేషన్, అదీ నది కిందుగా రెండు మూడు నిమిషాల్లో. రద్దీ వేళల్లో కేబుల్ కార్ వేగం పెంచి ఐదు నిమిషాల్లో దాటించినా, ఇటు నడక, అటు నడక కలిపితే రైలుతో సమానం. గాలి, వాన, మంచు ఏదొచ్చినా రైలు నడుస్తుంది. పైగా నా పాస్ దానికి చెల్లుతుంది. ఇక నేను తీగెందుకు ఎక్కాలి?

అంటే కేబుల్ కార్ కట్టిన చోటే తప్పు. నది మీద దాటే దారి ముందే ఉన్న చోటికి పక్కనే ఇంకో దారి వేశారు. లెక్క కూడా చూద్దాం. 34 డబ్బాలు, ఒక్కోదానిలో పదిమంది, పూర్తి వేగంతో నడిస్తే గంటకు ఒక్కో వైపు 2,500 మంది దాటొచ్చని కట్టినప్పుడు చెప్పారు. జూబిలీ లైన్ రైలు ఒక్కదానిలో ఏడెనిమిది వందల మంది పడతారు, రద్దీ వేళలో దాదాపు రెండు నిమిషాలకొకటి వస్తుంది. కేబుల్ కార్ గంటంతా నిండుగా నడిచి మోసేంత మందిని ఆ రైళ్లు ఏడెనిమిది నిమిషాల్లో నది దాటిస్తాయి.

ఈ వాదన విన్న మా వారి స్నేహితుడొకాయన ఇలా అంటారు. "సరదాగా ఉందా లేదా? మనవాళ్లు సంతోషిస్తున్నారా లేదా? లండన్ ఐ చక్రాన్ని రవాణా కాదని ఎవరైనా తిట్టారా?" బాగుంది. నేను లండన్ ఐని తిట్టను. అది మెట్రో పటంలో లేదు. నన్ను ఉద్యోగానికి తీసుకెళ్తానని అదెప్పుడూ చెప్పలేదు. షికారును షికారనే చెప్పి అమ్మితే తప్పేముంది? నాకు గొడవ పేరుతోనే. పేరుతో పాటు డబ్బుతోనూ.

2010లో అప్పటి మేయర్ బోరిస్ జాన్సన్ ఈ పథకాన్ని ప్రకటించినప్పుడు 25 మిలియన్ పౌండ్లవుతుందని, అదంతా ప్రైవేటు సొమ్మేనని చెప్పారు. 2012 జూన్ 28న, ఒలింపిక్స్‌కు నెల ముందు ప్రారంభించేసరికి ఖర్చు 60 మిలియన్లకు చేరింది. ఎమిరేట్స్ విమాన సంస్థ పదేళ్లకు 36 మిలియన్లు ఇస్తానని పేరు పెట్టించుకుంది. కొంత యూరోపియన్ యూనియన్ నిధుల నుంచి వచ్చింది. మిగతాది ప్రజా రవాణా ఖాతాలోంచే. పదేళ్లయ్యాక ఎమిరేట్స్ తప్పుకుంది, ఐఎఫ్ఎస్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అంతకంటే చాలా తక్కువ డబ్బుకు 2022లో పేరు తీసుకుంది. నడిపే ఖర్చు టికెట్లతో, స్పాన్సర్ డబ్బుతో వెళ్లిపోతోందని అధికారులు చెబుతారు. నిజమే కావచ్చు. మెట్రో పటంలో ఆ గీత ఎందుకు ఉందో నాకు ఆ మాటలోనే అర్థమైంది. లండన్ మెట్రో పటం రోజూ లక్షలమంది చూసే కాగితం, అందులో ఒక కంపెనీ పేరుంటే దాని విలువ వేరు. రవాణా అనే పేరు తీసేస్తే ప్రకటన విలువ కూడా పోతుంది. ఇది నా ఊహ, కానీ దీనికి మించిన కారణం నాకెవరూ చెప్పలేదు.

థేమ్స్ నది విషయం కాస్త వివరంగా చెప్పాలి. పడమటి లండన్‌లో ఉండే మనవాళ్లకు ఈ బాధ తెలియదు. అక్కడ నది మీద ఫర్లాంగుకొక వంతెన అన్నట్టు ఉంటుంది. తూర్పున టవర్ బ్రిడ్జి దాటారంటే, ఆ తర్వాత రోడ్డు వంతెన ఎక్కడో డార్ట్‌ఫర్డ్ దగ్గరే. మధ్యలో ఉన్నవి సొరంగాలు, రైళ్లు, వూలిచ్ దగ్గర 1889 నుంచి ఉచితంగా నడుస్తున్న పంటు, నడిచేవాళ్ల కోసం 1902లో గ్రీనిచ్ దగ్గర, 1912లో వూలిచ్ దగ్గర తవ్విన రెండు కాలి సొరంగాలు. తూర్పున ఉండేవాళ్లు కూలీలు, ఓడరేవు పనివాళ్లు. తర్వాత వచ్చిన బంగ్లాదేశీలు, నైజీరియన్లు, తమిళులు, మనం. ఈ పక్క వంతెన లేకపోవడం ఎవరికీ తొందర పని అనిపించలేదు.

ఇటు బెక్టన్ నుంచి అటు థేమ్స్‌మీడ్‌కు థేమ్స్ గేట్‌వే వంతెన కట్టాలని ఏళ్ల తరబడి ప్రణాళిక నడిచింది. థేమ్స్‌మీడ్ అంటే రైలు స్టేషన్ లేని పెద్ద కాలనీ. ఇళ్లు చవకని మా సంఘంలో రెండు మూడు కుటుంబాలు అటు వెళ్లాయి. వాళ్ల పిల్లల్ని ఈస్ట్ హామ్‌లో తెలుగు తరగతికి తీసుకురావాలంటే నది ఒడ్డు కనిపిస్తూనే ఉంటుంది, చేరడానికి గంట పైన పడుతుంది. ఆ వంతెన ప్రణాళికను 2008లో రద్దు చేసింది ఎవరో తెలుసా? కేబుల్ కార్ కట్టిన మేయరే. వంతెన వద్దన్న చేత్తోనే తీగ వేశారు. వేస్తే వేశారు, థేమ్స్‌మీడ్ దగ్గర వేసినా బాగుండేది. రైలు లేని చోట, వంతెన లేని చోట పది నిమిషాల తీగ ఎంత విలువైనదో ఆ కుటుంబాలను అడగండి. దాన్ని తీసుకెళ్లి ఎగ్జిబిషన్ హాలుకూ కచేరీ గుమ్మటానికీ మధ్య, అదీ జూబిలీ లైన్ నెత్తి మీద కట్టారు.

కెనరీ వార్ఫ్, రాదర్‌హైత్‌ల మధ్య నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వంతెన కడతామన్నారు, 2019లో ఖర్చు ఎక్కువని దాన్నీ పక్కన పెట్టారు. చివరకు 2025 ఏప్రిల్‌లో సిల్వర్‌టౌన్ సొరంగం తెరుచుకుంది, కేబుల్ కార్‌కు దాదాపు కిందుగానే. దాని గురించి గొడవలు చాలా ఉన్నాయి. కార్లకు టోల్ పెట్టారు, పక్కనున్న బ్లాక్‌వాల్ సొరంగానికీ పెట్టారు. మా ఇంట్లో ఇప్పటికీ దాని మీద వాదన ఆగలేదు. కానీ ఒక్క మంచి జరిగింది. దానిలోంచి బస్సులు వెళ్తున్నాయి. లూయిషామ్ వైపు నుంచి వచ్చే 129 నంబరు బస్సు ఇప్పుడు నది దాటి మా వైపు వస్తోంది. సైకిళ్లను ఎక్కించుకుని దాటించే బస్సు కూడా పెట్టారు. బస్సు టికెట్ 1.75 పౌండ్లు, దానితో గంటలోపు ఇంకెన్ని బస్సులైనా ఎక్కొచ్చు. తలెత్తితే పైన కేబుల్ కార్ టికెట్ ఇప్పుడు ఆరేడు పౌండ్లు. వారం రోజుల్లో గేటు తెరిచేది పొద్దున పదింటికి. అప్పట్లో ఏడింటికే తెరిచేవారు. పదింటికి తెరిచే రవాణా ఏ ఉద్యోగి కోసమో నాకు తెలియదు. ఒక రకంగా ఆ సమయం మార్చినవాళ్లే నిజం ఒప్పుకున్నారు. నోటితో చెప్పలేదంతే.

ఇంతా చెప్పి కేబుల్ కార్లు అంటేనే దండగ అని తేల్చేస్తే అది తప్పుడు మాట అవుతుంది. లండన్ తీగను కట్టింది ఆస్ట్రియాకు చెందిన డోపెల్‌మేయర్ సంస్థ. అదే సంస్థ బొలీవియాలోని లా పాస్‌లో కట్టింది. 2014లో మొదటి లైను మొదలైంది, ఇప్పుడు పది లైన్లు, దాదాపు 30 కిలోమీటర్లు. లా పాస్ లోయలో ఉంది, పైన పీఠభూమి అంచున ఎల్ ఆల్టో అనే ఇంకో పెద్ద ఊరుంది. పనివాళ్లు పై ఊళ్లో ఉంటారు, పనులు కింది ఊళ్లో ఉంటాయి. రెంటికీ మధ్య ఎత్తులో తేడా నాలుగైదు వందల మీటర్లు. రోడ్డు వంకర్లు తిరుగుతూ వెళ్తుంది, మినీ బస్సులు ఇరుక్కుపోతాయి. అక్కడ మెట్రో తవ్వడం కష్టం, రోడ్డు వెడల్పు చేయడం కష్టం. తీగ మాత్రం ఇళ్ల మీదుగా తిన్నగా వెళ్లిపోతుంది. టికెట్ మూడు బొలీవియానోలు, లైను మారితే ఇంకో రెండు. పొద్దున్నే మూటలతో, పిల్లలతో ఎక్కే ఆడవాళ్ల కోసం కట్టిన తీగ అది. పర్యాటకులూ ఎక్కుతారు, వాళ్ల పక్కనే కూర్చుని.

దానికంటే ముందు, 2004లో, కొలంబియాలోని మెడెయీన్ ఈ పని చేసింది. కొండ మీది పేదల బస్తీని కింద మెట్రో స్టేషన్‌కు తీగతో కలిపింది. స్టేషన్ ఒకటే, టికెట్ ఒకటే. ఫ్రాన్స్‌లో టులూజ్ 2022లో మూడు కిలోమీటర్ల తీగ వేసింది. గరోన్ నది, కొండ రెండూ దాటి ఒక విశ్వవిద్యాలయాన్ని, ఒక పెద్ద ఆసుపత్రిని, కేన్సర్ చికిత్స కేంద్రాన్ని కలుపుతుంది. రోడ్డున అరగంట పట్టే దూరం పది నిమిషాల్లో అయిపోతుంది. ఎయిర్‌బస్ ఉన్న ఊరు కాబట్టి అక్కడ మన ఇంజినీర్లూ ఉన్నారు. మా దూరపు బంధువు ఒకమ్మాయి అక్కడే చదువుతోంది. "తీగ బాగుంటుందా?" అని ఫోన్లో అడిగితే, "ఏమోనక్కా, నేను ఫోన్ చూసుకుంటూ వెళ్తాను" అంది. నాకు ఆ జవాబు చాలా నచ్చింది. ఎక్కినవాళ్లు కిటికీలోంచి చూడటం మానేసిన రోజు అది రవాణా అయినట్టు లెక్క. లండన్ తీగలో ఇన్నేళ్లలో ఫోన్ చూసుకుంటూ కూర్చున్న మనిషిని నేను చూడలేదు. అందరి ఫోన్లూ కిటికీ అద్దానికి ఆనించే ఉంటాయి.

ఇదంతా లండన్ ముచ్చటే అయితే నేనింత రాసేదాన్ని కాను. ఇప్పుడు మన దేశంలో కూడా తీగల మీద మోజు మొదలైంది. కేంద్ర ప్రభుత్వం 2022 బడ్జెట్‌లో పర్వతమాల అని పథకం పెట్టింది. కాశీలో కంటోన్మెంట్ రైల్వే స్టేషన్ నుంచి గొదోలియా దాకా నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువగా రోప్‌వే కడుతున్నారు. 2023లో శంకుస్థాపన జరిగింది. దేశంలో పట్టణ ప్రజా రవాణా కోసం కట్టే తొలి రోప్‌వే అదేనని చెబుతున్నారు. కాశీకి వెళ్లే తెలుగువాళ్ల సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రైలు దిగి, పెట్టెలతో, పెద్దవాళ్లతో ఆ సందుల్లో ఆటో కోసం బేరమాడిన ప్రతి ఒక్కరికీ అది ఎంత అవసరమో తెలుసు. రోడ్డు వెడల్పు చేయాలంటే పాత ఊరంతా కూల్చాలి. కాబట్టి తీగ వేయడానికి కారణం గట్టిదే, లా పాస్‌లో ఉన్నంత గట్టిది. కానీ అక్కడ కూడా టికెట్ ఎంత పెడతారన్నదే అసలు ప్రశ్న. గుడికి వచ్చే యాత్రికుడు ఎంతైనా కడతాడు, ఏడాదికోసారే కదా. గొదోలియాలో గాజుల కొట్లో పనిచేసే అమ్మాయి రోజుకు రెండుసార్లు ఎక్కాలి. ఆ అమ్మాయి ఎక్కగలిగే ధర పెడితే అది రవాణా, యాత్రికుడి జేబు చూసి పెడితే షికారు. తీగా, డబ్బాలూ, స్టేషన్లూ రెండింటికీ ఒకటే.

మన ఊళ్లలో ఉన్నవి ఈ విషయంలో నిజాయితీగా ఉన్నాయనే చెప్పాలి. కైలాసగిరి రోప్‌వేను ఎవరూ రవాణా అనలేదు. పిల్లలతో వెళ్లి, సముద్రం చూసి, మరమరాలు తిని వచ్చేది. శ్రీశైలంలో పాతాళగంగకు దిగే రోప్‌వే కూడా పర్యాటక శాఖదే. కానీ మోకాళ్ల నొప్పులతో ఆ మెట్లు దిగలేని మా అమ్మకు అది షికారు కాదు. అది లేకపోతే ఆవిడ కృష్ణ నీళ్లు నెత్తిన చల్లుకోలేదు. కాబట్టి రవాణా అంటే ఆఫీసుకు వెళ్లేదే అని కూడా నేను గిరి గీయను. ఆ తీగ లేకపోతే మనిషి అక్కడికి చేరగలడా లేదా అన్నదే చూస్తాను. లండన్ తీగ రేపు తెగిపడినా, దేవుడా ఆ మాట వద్దు, రేపు మూసేసినా, ఎవరూ ఎక్కడికీ చేరకుండా ఉండిపోరు.

మరి ఏం చేయమంటావని సంఘం సమావేశంలో ఒకరు అడిగారు. మూసేయమని నేననను. కట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, పిల్లలు సంతోషిస్తున్నారు, నడిపే ఖర్చు వస్తోంది. రెండింట్లో ఒకటి చేయమంటాను. షికారే అంటే ఆ మాట చెప్పి మెట్రో పటంలోంచి గీత తీసేయండి, టికెట్ పది పౌండ్లు పెట్టుకోండి, మిగిలిన లాభంతో 129 లాంటి బస్సు ఇంకోటి వేయండి. రవాణా అంటే పొద్దున ఏడింటికి తెరవండి, నెల పాస్‌కు చెల్లేలా చేయండి, రోజువారీ గరిష్ఠ చార్జీలో కలపండి. అందరికీ కుదరదంటే కనీసం ఇటు న్యూహామ్, అటు గ్రీనిచ్ బరోల్లో ఉండేవాళ్లకైనా, రద్దీ వేళల్లోనైనా. ఖాళీ డబ్బాలు ఎలాగూ తిరుగుతూనే ఉంటాయి కదా. వాటిలో ఒక నర్సు, ఒక హోటల్ పనివాడు, కాలేజీ పిల్లాడు సైకిలుతో సహా ఎక్కితే ఎవరికి నష్టం? సైకిళ్లను ఇప్పటికే అనుమతిస్తున్నారు, ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంకో విచిత్రం చెప్పి ఆపుతాను. లండన్ మేయర్ కార్యాలయం, సిటీ హాల్, టవర్ బ్రిడ్జి దగ్గర్నుంచి మా రాయల్ డాక్స్‌కు మారి కొన్నేళ్లయింది. కేబుల్ కార్ స్టేషన్‌కు సరిగ్గా పక్కనే ఉంది. రవాణా మీద నిర్ణయాలు జరిగే భవనం కిటికీల్లోంచి ఆ డబ్బాలు రోజంతా కనిపిస్తాయి. అందులో పనిచేసేవాళ్లు ఎలా వస్తారో చూద్దామని ఒకసారి పొద్దున తొమ్మిది లోపు రాయల్ విక్టోరియా ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. మెడలో ఐడీ కార్డులు వేసుకున్నవాళ్లు గుంపులు గుంపులుగా డీఎల్ఆర్ దిగి నడిచి వెళ్తున్నారు. పైన తీగ మీద డబ్బాలు ఇంకా కదల్లేదు. పదింటికి కదా తెరిచేది.

వచ్చే జూన్‌లో మా అత్తయ్య మళ్లీ వస్తున్నారు. కేబుల్ కార్ ఎక్కాలని ఇప్పుడే చెప్పారు. శనివారం తీసుకెళ్తాను. ఆవిడ పాత ప్రశ్నే మళ్లీ అడిగితే మాత్రం, సోమవారం పొద్దున నాతో పాటు కానింగ్ టౌన్ దాకా వచ్చి చూడమంటాను.